మూలబడిన చిన్న ల్యాప్‌టాపులు

క్రొత్త వస్తువును చేయుట ఒక విద్య. చెడిన వస్తువును బాగుచేయుట మరియొక విద్య. ఈ రెండవ విద్యను మన పల్లెలు ఎన్నడును చిన్నచూపు చూడలేదు. నాగటికర్రు అరిగినచో కమ్మరి దానిని కొలిమిలో కాచి, సాగగొట్టి, మరల వాడి పెట్టును. బండిచక్రమునకు ఒక ఆకు విరిగినచో వడ్రంగి ఆ ఆకును మాత్రమే మార్చును గాని చక్రమును పారవేయడు. ఓటిబిందెకు మాటు వేయువారు, చిరిగిన వలను అల్లువారు, తెగిన చెప్పును కుట్టువారు లేనిచో బీదవాని సంసారము ఒక్క యేడాదియైన నడచియుండెడిది కాదు.

కంప్యూటరు విషయమున మాత్రము జనులు వేరొక తీరున నడచుచున్నారు. అది ఒకనాడు పలుకకపోయిన యెడల, ఏ భాగము చెడినదో విచారింపకయే అటకపై పెట్టుదురు. కొంతకాలమునకు పాతసామానుల వానికి తూకమునకు ఇచ్చివేయుదురు. ‘క్రొత్త యొక వింత, పాత యొక రోత’ యను సామెత ఇచ్చట చక్కగా వర్తించును. ఈ విధముగా మూలబడిన వస్తువులలో ‘నెట్‌బుక్కులు’ అనబడు చిన్న ల్యాప్‌టాపులు ముఖ్యములు. వానిలో కొన్ని నిజముగా చెడినవి. కొన్ని చెడక, తాళము పడినందువలన మాత్రమే నిలిచిపోయినవి. ఈ రెండు తెగల యంత్రములను తిరిగి పనిలో పెట్టుట యెట్లో తెలిసికొనుట మేలు. ఏలయన వీనిలో పెక్కులు పాఠశాల విద్యార్థుల కొరకే పుట్టినవి.

2005వ సంవత్సరము జనవరి నెలలో స్విట్జర్లాండు దేశమునందలి దావోస్ పట్టణమున జరిగిన సభలో, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన నికొలస్ నెగ్రొపాంటి యను ఆచార్యుడు ఒక సంకల్పమును ప్రకటించెను. నూరు డాలర్ల వెలకు ఒక చిన్న ల్యాప్‌టాపును చేయించి, బీదదేశములలోని బాలబాలికల కందరకు ఒక్కొక్కటి చొప్పున అందింపవలయునని ఆ సంకల్పము. ఎక్స్‌ఓ అను ఆ యంత్రము 2007 నవంబరులో పెద్దయెత్తున తయారగుట మొదలయ్యెను. దాని వెల నూరు డాలర్లకు దిగలేదు, సుమారు రెండింతలయ్యెను. అయినను దానిలో మెచ్చదగిన గుణములు కలవు. దాని తెర ఎండలో సైతము కనబడును. దానికి ఫ్యాను లేదు, తిరుగు డిస్కు లేదు. కావున చెడు భాగములు తక్కువ. దానిని విప్పి బాగుచేయువారికి అక్కరకు వచ్చునని, యంత్రపు పిడిలోనే కొన్ని అదనపు స్క్రూలను అమర్చియుంచిరి. మరమ్మతును ముందుగా తలచి చేసిన యంత్రమునకు ఇది మంచి యుదాహరణము.

ఆ యేడాది అక్టోబరులోనే తైవాను దేశపు ఆసుస్ కంపెనీ ‘ఈ పీసీ 701’ అను చిన్న ల్యాప్‌టాపును అంగళ్లకు తెచ్చెను. దాని తెర 7 అంగుళములు. బరువు కిలోగ్రాము కంటె తక్కువ. నిలువ స్థలము 4 గిగాబైట్లు. మరుసటి సంవత్సరము, అనగా 2008లో, ఇంటెల్ కంపెనీ తక్కువ విద్యుత్తుతో నడచు ‘యాటమ్’ ప్రాసెసరును చేయగా, ఇతర కంపెనీలును ఇట్టి యంత్రములను వరుసగా విడుదల చేసినవి. తరువాత 2010లో ఐప్యాడు వచ్చెను. పలక వంటి ట్యాబ్లెట్ల మీదికి జనుల మనసు మళ్లెను. 2012 ముగియునప్పటికి పేరుపొందిన కంపెనీలు నెట్‌బుక్కుల తయారీని ఇంచుమించుగా విరమించినవి. అట్లు ఐదారేండ్లలో పుట్టి పెరిగి ఆగిపోయిన ఈ జాతి యంత్రములు కోట్లకొలదిగా ఇండ్లలోను బడులలోను మిగిలిపోయినవి.

వీనిని ప్రభుత్వమే విద్యార్థులకు పంచిపెట్టిన దేశములలో దక్షిణ అమెరికాకు చెందిన రెండు ముఖ్యములు. ఉరుగ్వే యను చిన్న దేశము 2007లో పని మొదలిడి, 2009 అక్టోబరు నాటికి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల విద్యార్థుల కందరకు, అనగా సుమారు 3 లక్షల 60 వేల మందికి, ఎక్స్‌ఓ యంత్రముల నిచ్చెను. దాని పొరుగుననున్న అర్జెంటీనా దేశము 2010 ఏప్రిల్ నెలలో ‘కొనెక్తార్ ఇగ్వాల్దాద్’ అను పథకమును చేపట్టెను. సమానత్వమును అనుసంధించుట యని ఆ స్పానిషు పేరునకు భావము. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలలో చదువు బాలబాలికలకు తలకొక నెట్‌బుక్కు ఇచ్చుట దాని యుద్దేశము. 2015 నాటికి ఆ దేశమున 50 లక్షలకు పైగా యంత్రములు పంచబడెను. కంప్యూటరు కొనలేని యిండ్లలో ఎన్నింటికో అదియే మొదటి కంప్యూటరు. విద్యార్థి చదువు ముగించువరకు అది యెరువు వస్తువు. చదువు ముగించిన పిమ్మట అతని సొంతము.

ఇంత విలువగల వస్తువును పసివాని సంచిలో పెట్టి వీథిలోనికి పంపునపుడు దొంగభయము తప్పదు. అందువలన ఆ యంత్రములకు ఒక వింత తాళమును అమర్చిరి. గ్రంథాలయములో పుస్తకమును ఇచ్చునపుడు లోపలి చీటిపై గడువు తేదీ వేయుదురు గదా! గడువు లోపల పాఠకుడు తిరిగి వచ్చి మరల తేదీ వేయించుకొనవలయును. ఈ తాళము కూడ అట్టిదే. యంత్రములోని బోర్డుపై టీపీఎం అను రక్షణ చిప్పు ఒకటి కలదు. పాఠశాలలో సర్వరు అను పెద్ద యంత్రము ఒకటి ఉండును. విద్యార్థి బడికి వచ్చి తన నెట్‌బుక్కును తెరచినపుడు, సర్వరు దానికి ఒక అనుమతి పత్రమును తనంతట తానే అందించును. ఆ పత్రమున రెండు హద్దులుండును. యంత్రము ఏ తేదీవరకు నడువవచ్చునో చెప్పునది మొదటిది. ఎన్నిమారులు ప్రారంభింపవచ్చునో చెప్పునది రెండవది.

ఈ రెండింటిలో ఏ హద్దు దాటినను యంత్రము నిలిచిపోవును. అపుడు తెరపై రెండు సంకేతములు మాత్రము కనబడును. ఒకటి ఆ యంత్రపు గుర్తింపు సంఖ్య. రెండవది అది ఎన్నవ ప్రారంభమో తెలుపు గుర్తు. పాఠశాలలో ఆ పనికి నియమింపబడిన సాంకేతిక సహాయకుడు ఆ రెండింటిని సర్వరులో నమోదు చేయగా ఒక విడుదల సంఖ్య వచ్చును. దానిని యంత్రములో వేసినచో తాళము వీడును. ఒక యంత్రపు సంఖ్య మరియొక దానికి పనికిరాదు. నేటి సంఖ్య మరునాటికి పనికిరాదు. దొంగిలింపబడిన యంత్రము సర్వరును చేరజాలదు గనుక కొన్నాళ్లలో పలక వలె మారిపోవును. దానిని కొనువాడు ఉండడు. కొనువాడు లేనిచో దొంగకు లాభము లేదు. ఆలోచన చక్కనిదే.

అయితే దొంగను అడ్డగించు తాళము ఒక్కొక్కప్పుడు ఇంటివానినే వాకిట నిలుపును. పొడవైన సెలవులలో బడికి పోని విద్యార్థి యంత్రమునకు గడువు తీరిపోవును. పాఠశాలలో సర్వరు చెడినచో, లేదా సహాయకుడు లేనిచో, దోషమేమియు లేని యంత్రములు కూడ వరుసగా నిలిచిపోవును. వీనికంటె చిత్రమైన కారణము మరియొకటి కలదు. కంప్యూటరు లోపల గడియారమును నడుపుటకు రూపాయి బిళ్ల వంటి చిన్న బ్యాటరీ యుండును. అది నీరసించినచో గడియారము వెనుకటి సంవత్సరములకు పోవును. తేదీ తారుమారు కాగానే, అనుమతి పత్రము చెల్లదని యంత్రము భ్రమించి మూతపడును. కొలది వెలగల బిళ్ల చెడినందువలన ఒక విద్యార్థి చదువు ఆగిపోవుట శోచనీయము గదా!

2018లో అర్జెంటీనా ప్రభుత్వము ఆ పథకమును నిలిపివేసెను. చదువు ముగిసియు శాశ్వత విడుదల పొందని యంత్రములు, పాఠశాల మారినందువలన పాత సర్వరుతో సంబంధము తప్పిన యంత్రములు ఇండ్లలో మిగిలినవి. 2020లో కరోనా వ్యాధి వ్యాపించి పాఠశాలలు మూతపడగా, పాఠములు ఇంటినుండియే వినవలసి వచ్చెను. తెర కలిగిన బాలుడు పాఠము వినెను. తెర లేని బాలుడు వెనుకబడెను. అటకపైనున్న పాత నెట్‌బుక్కు విలువ ఏమియో అట్టి కాలమున తెలియును. మన రాష్ట్రములలోను ఆ యేడాది ఒక్క ఫోను చుట్టు ఇద్దరు ముగ్గురు పిల్లలు కూర్చుండి పాఠములు వినిన యిండ్లు కలవు.

తాళము తీయు విద్య తెలియుట వేరు. తీయుటకు హక్కు కలిగియుండుట వేరు. ఈ భేదమును మరువరాదు. తన యంత్రమునకు తాళము పడినవాడు ముందుగా దానినిచ్చిన పాఠశాలను, కార్యాలయమును, లేదా తయారు చేసిన కంపెనీవారిని అడుగవలయును. కొన్ననాటి రసీదు, యంత్రము అడుగుభాగమున అతికింపబడిన సంఖ్య చూపినచో విడుదల దొరకుటకు మార్గముండును. రసీదు లేక, సొంతదారు ఎవరో తెలియక, తాళముతో అంగడికి వచ్చిన యంత్రమును బాగుచేయుటకు పూనుకొనరాదు. అది యే బాలుని సంచినుండి పోయినదో! దొంగసొత్తునకు తాళము తీసిపెట్టువాడు ఆ దొంగకు తోడుపడినవాడే యగును. పాత ల్యాప్‌టాపును కొనువారును సొమ్ము చెల్లింపకముందే యంత్రమును తెరచి చూచి, ఏ తాళమును లేదని నిశ్చయించుకొనవలయును.

సాధారణ యంత్రములకుండు తాళములు మూడు విధములు. మొదటిది ఆపరేటింగ్ సిస్టము అడుగు పాస్‌వర్డు. ఇది అన్నిటికంటె బలహీనము. సొంతదారు దానిని మరచినను, క్రొత్త సిస్టమును వేసికొని యంత్రమును వాడుకొనవచ్చును. లోపలి సమాచారమును రహస్యలిపిలోనికి మార్చి దాచనిచో, పెన్‌డ్రైవునుండి మరియొక సిస్టమును నడిపి దానిని పైకి తీయవచ్చును. రహస్యలిపి లేని పాస్‌వర్డు ‘తాళము వేసితిని, గొళ్లెము మరచితిని’ అన్నట్లుండును.

రెండవది బయోసు పాస్‌వర్డు. యంత్రము మేల్కొనగానే మొట్టమొదట పనిచేయు చిన్న కార్యక్రమమును బయోసు అందురు. దాని వాకిటనే ఈ తాళముండును. పాత బల్లకంప్యూటర్లలో బిళ్లబ్యాటరీని కొంతసేపు తీసివేసినచో ఈ పాస్‌వర్డు చెరిగిపోయెడిది. ఆ మాట విని కొందరు ల్యాప్‌టాపులోని బిళ్లను కూడ తీసి చూచి, ఫలము లేక ఆశ్చర్యపడుదురు. ల్యాప్‌టాపులలో ఆ పాస్‌వర్డును సాధారణముగా విద్యుత్తు లేకున్నను మరువని వేరొక చిప్పులో దాచుదురు. కావున బిళ్లను తీసినను అది చెరగదు. ఇట్టిచోట కంపెనీవారి సహాయము, లేదా ఆ చిప్పును తిరిగి వ్రాయగల నేర్పరి సహాయము కావలయును. మూడవది హార్డ్ డిస్కు పాస్‌వర్డు. ఇది డిస్కులోనే యుండును. డిస్కును వేరొక యంత్రములో పెట్టినను వీడదు. అందలి సమాచారము పోయినట్లే తలచి, వేరొక డిస్కును అమర్చినచో యంత్రము మాత్రము బ్రతుకును.

ఇక తాళము లేకయే పలుకని యంత్రముల సంగతి. వైద్యుడు రోగిని చూచినట్లు మరమ్మతుదారు యంత్రమును చూడవలయును. సులభమైన కారణములను ముందు, కఠినమైన వానిని పిదప పరీక్షించుట మంచిపద్ధతి. మొదట ఛార్జరు. దానిపై ముద్రింపబడిన వోల్టులు యంత్రము కోరు వోల్టులతో సరిపోవలయును. ఈ పీసీ 701 యంత్రమునకు 9.5 వోల్టులు కావలయును. ఆ కంపెనీవే తరువాతి కొన్నిటికి 12 వోల్టులు. ఇతర కంపెనీల యంత్రములలో పెక్కింటికి 19 వోల్టులు. పిన్ను దూరినది గదా యని 19 వోల్టుల ఛార్జరును 9.5 వోల్టుల యంత్రమునకు తగిలించినచో బోర్డు కాలిపోవును. ఆంపియర్లు మాత్రము కోరినదానికంటె ఎక్కువయైనను హాని లేదు, తక్కువ కారాదు. మల్టీమీటరుతో ఛార్జరు కొననుండి విద్యుత్తు వచ్చుచున్నదో లేదో క్షణములో తెలియును.

ఛార్జరు బాగున్నను యంత్రము పలుకనిచో, ఛార్జరును బ్యాటరీని రెండింటిని తీసివేసి, ప్రారంభపు మీటను అరనిమిషము నొక్కిపట్టవలయును. బోర్డులో నిలిచియున్న విద్యుత్తు దిగిపోవును. తరువాత ఛార్జరును మాత్రమే తగిలించి చూడవలయును. చచ్చినవని తలచిన యంత్రములు కొన్ని ఇంతమాత్రముననే లేచును. అప్పటికిని దీపము వెలిగి తెర నల్లగా నున్నచో ర్యామును అనుమానింపవలయును. అడుగుభాగమున చిన్న మూతను విప్పినచో ర్యాము కనబడును. దానిని మెల్లగా తీసి, బంగారుపూత గల అంచును పెన్సిలు రబ్బరుతో తుడిచి, పొడి రాల్చి, మరల గట్టిగా కూర్చవలయును. గాలిలోని తేమవలన పట్టిన మకిలి తొలగి యంత్రము నడచుట కలదు.

తెరకు సంబంధించిన లోపమును కనుగొనుటకు ఒక సులభోపాయము కలదు. చీకటిగదిలో తెరపై టార్చిలైటును ఏటవాలుగా వేసి చూచినచో, బొమ్మలు మసకగా కనబడవచ్చును. కనబడినచో తెర బాగుగనేయున్నది. వెనుకనుండు వెలుతురు మాత్రమే ఆరినది. అసలేమియు కనబడనిచో, పక్కనున్న రంధ్రమునకు వేరొక మానిటరును తగిలించి చూడవలయును. మానిటరుపై బొమ్మ వచ్చినచో బోర్డు నిర్దోషి. తెరయో, మడతబందు గుండా పోవు సన్నని తీగల పట్టీయో చెడినది. మూతను వేలసార్లు తెరచి మూయుటవలన ఆ పట్టీ నలుగుట సహజము. దాని వెల తెర వెలలో కొద్దిభాగమే. పరీక్షింపక తెరను మార్చువాడు డబ్బును, నమ్మకమును రెండింటిని పోగొట్టుకొనును.

యంత్రమును విప్పునపుడు పాటింపవలసిన నియమములు కొన్ని కలవు. ఛార్జరును, బ్యాటరీని తీయకముందు స్క్రూడ్రైవరు పట్టరాదు. నేలకు చేరియున్న లోహమును ఒకమారు తాకినచో ఒంటిలోని నిలువ విద్యుత్తు దిగిపోవును. లేనిచో కంటికి కనబడని ఆ మెరుపే చిప్పులను చంపును. కాగితముపై యంత్రపు బొమ్మ గీసి, తీసిన స్క్రూను తీసినచోటనే గుచ్చవలయును. పొడవైన స్క్రూను పొట్టిదానిచోట బిగించినచో అది బోర్డును చీల్చును. కీబోర్డు కింద ఉండు పట్టీ తీగను లాగరాదు; దానిని పట్టియుంచు చిన్న గొళ్లెమును ముందు ఎత్తవలయును. ఫ్యాను రెక్కలకు పేరుకొనిన దుమ్మును మెత్తని కుంచెతో తీసినచో, వేడెక్కి ఆగిపోవు యంత్రము చల్లబడి నడచును.

బ్యాటరీ విషయమున సాహసము తగదు. నెట్‌బుక్కుల బ్యాటరీపెట్టెలో లిథియం కణములు సాధారణముగా మూడుగాని, ఆరుగాని ఉండును. ఏండ్లతరబడి మూలబడిన పెట్టెలో కొన్ని కణములు పూర్తిగా ఉడిగి చెడిపోవును, కొన్ని ఉబ్బును. ఉబ్బిన బ్యాటరీని గుచ్చుట, వంచుట, నిప్పులో వేయుట, మరల ఛార్జి చేయుట ప్రాణాపాయకరము. లోపలి పొరలు ఒకదానికొకటి తగిలినచో మంట పుట్టును. ఆ మంట విషవాయువులను వెలువరించును. అట్టి దానిని వేరుచేసి, ఇసుక పోసిన లోహపాత్రలో ఇంటికి దూరముగా నుంచి, బ్యాటరీలను సేకరించువారికి అప్పగింపవలయును. నెట్‌బుక్కులలో అనేకములు బ్యాటరీ లేకున్నను ఛార్జరుతో నడచును. కావున బ్యాటరీ పోయినంతమాత్రమున యంత్రము పోయినట్లు కాదు.

శరీరము బాగుపడిన తరువాత యంత్రమునకు కావలసినది తగిన ఆపరేటింగ్ సిస్టము. నెట్‌బుక్కులలో తొలుదొల్త వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోను, పిదప వచ్చిన విండోస్ 7కు 2020 జనవరి 14తోను కంపెనీవారి సంరక్షణ ముగిసెను. సంరక్షణ లేని సిస్టముతో ఇంటర్నెట్టునకు పోవుట తలుపులు లేని యింట నిద్రించుట వంటిది. క్రొత్త విండోసును ఈ చిన్న యంత్రములు మోయజాలవు. కావున ఎవరైనను ఉచితముగా తీసికొని వాడుకొనదగిన లినక్సు సిస్టములు వీనికి శరణ్యములు. అర్జెంటీనావారు తమ విద్యార్థుల కొరకు డెబియన్ లినక్సు నాధారముగా చేసికొని ‘వైరా’ అను సిస్టమును రూపొందించి 2013లో వెలువరించిరి. కెచువా యను అచ్చటి ప్రాచీనభాషలో ఆ పేరునకు గాలి యని అర్థము. దాని చిహ్నము ఆవు.

లినక్సును ఎన్నుకొనుటలోను ఒక మెలకువ కావలయును. 2008 నాటి యాటమ్ ఎన్270 ప్రాసెసరు 32 బిట్ల సిస్టములను మాత్రమే నడుపగలదు. 2010లో వచ్చిన ఎన్450 రకము 64 బిట్ల సిస్టములను కూడ నడుపును. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13 సంపుటము 32 బిట్ల యంత్రములలో క్రొత్తగా వేసికొనుటకు వీలులేకుండ చేసెను. కావున ప్రాసెసరు పేరును ముందు చదివి, పిదప సిస్టమును వెదకవలయును. ర్యాము 1 గిగాబైటు ఉన్నచో 2కు పెంచుట, తిరుగు డిస్కుకు బదులు ఎస్‌ఎస్‌డీని అమర్చుట యను రెండు పనులు ముసలి యంత్రమునకు ఊతకర్రలు. ఏ పని చేయుటకు ముందైనను లోపలి ఫోటోలను, వ్రాతలను వేరొకచోట నకలు తీసికొనవలయును. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనము లేదు.

ఇంటర్నెట్టుతో పనిలేకయే ఇట్టి యంత్రము చేయగల సేవ మరియొకటి కలదు. కివిక్స్ అను ఉచిత కార్యక్రమము వికీపీడియా విజ్ఞానసర్వస్వమును పూర్తిగా డిస్కులో నిలువచేసి, నెట్టు లేకున్నను చదువనిచ్చును. 2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియా కూడ అందు లభించును. సంకేతములందని గిరిజన గ్రామపు పాఠశాలలో ఒక పాత నెట్‌బుక్కు ఇట్లు ఒక బీరువా గ్రంథముల పని చేయును. ఇంటర్నెట్టునకు పోదు గనుక పాత సిస్టమైనను భయము తక్కువ.

ఎంత శ్రమించినను కొన్ని బోర్డులు లేవవు. అపుడైనను యంత్రమంతయు వ్యర్థము కాదు. దాని ర్యాము వేరొక యంత్రమునకు పనికివచ్చును. డిస్కును చిన్న పెట్టెలో అమర్చినచో బయటి నిలువ డిస్కగును. తెర, కీబోర్డు, ఫ్యాను, కెమెరా, స్పీకర్లు, వైఫై కార్డు, మడతబందులు, తుదకు స్క్రూలు సైతము అదే రకపు మరియొక యంత్రమును నిలుపును. ఒకదాని తెర పగిలి, మరియొకదాని బోర్డు కాలియున్నచో ఆ రెండింటినుండి ఒక మంచి యంత్రము పుట్టును. ప్రభుత్వము పంచిన యంత్రములు వేలకొలది ఒకే అచ్చున నుండుటవలన ఈ పని మరింత సులభము. అర్జెంటీనాలోని లా ప్లాటా జాతీయ విశ్వవిద్యాలయమున కంప్యూటరుశాఖవారు 2009 నుండి ‘ఈ-బసూరా’ యను కార్యక్రమమును నడపుచున్నారు. జనులు పారవేసిన కంప్యూటర్లను సేకరించి, బాగుచేసి, ఉచిత సిస్టములను వేసి, పాఠశాలలకును, సేవాసంఘములకును ఇచ్చుట వారి పని. బసూరా యనగా చెత్త. వారి చేతిలో ఆ చెత్తయే విద్యాదానమైనది.

బాగుచేయక పారవేసిన దాని గతి యేమగును? ప్రపంచమున 2022వ సంవత్సరము ఒక్కదానిలోనే 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థములు పోగుపడినవని 2024లో ఐక్యరాజ్యసమితి సంస్థలు వెలువరించిన నివేదిక తెలిపెను. అందు పద్ధతిగా సేకరింపబడి తిరిగి లోహములుగా మార్పబడినట్లు లెక్కకు వచ్చినది 22.3 శాతము మాత్రమే. మిగిలినదానిలో కొంత వాడల వెనుక బహిరంగముగా కాల్పబడును. రాగి కొరకు తీగలను కాల్చువారు, బంగారు పూత కొరకు బోర్డులను ఆమ్లములో ముంచువారు పెక్కుచోట్ల నిరుపేదలు. వారిలో పిల్లలును కలరు. పాత అతుకులలోని సీసము పసివారి మెదడును కుంటుపరచును. ఆమ్లము కాలువలో కలిసి బావినీటిని చేరును. ఒకరు అటకను ఖాళీచేసికొనుట మరియొకరి ఊపిరితిత్తులను నింపుట కారాదు.

మన దేశమున 2022వ సంవత్సరపు ఈ-వ్యర్థముల నిర్వహణ నియమములు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినవి. తాము అమ్మిన వస్తువులు పాతబడిన పిమ్మట, వానిని నమోదు పొందిన కర్మాగారముల ద్వారా తిరిగి లోహములుగా మార్పించు బాధ్యతను ఆ నియమములు తయారీదారులపై ఉంచినవి. కావున నిజముగా పనికిరానిదని తేలిన భాగములను తూకమునకు అమ్మక, అట్టి సేకరణకేంద్రములకు ఇచ్చుట గృహస్థుల విధి. అయితే లోహమును కరగించి తీయుట చివరి మెట్టు మాత్రమే. ల్యాప్‌టాపు తన జీవితకాలమున కలిగించు కాలుష్యములో అధికభాగము దానిని తయారు చేయునపుడే కలుగును. కావున ఉన్న యంత్రమును మరి నాలుగేండ్లు నడుపుట దానిని కరగించుటకంటె మేలైన పొదుపు.

పాత నెట్‌బుక్కు నేటి క్రొత్త యంత్రములతో పోటీపడజాలదు. సినిమాలను ధారాళముగా చూపలేదు, ఆటలను ఆడింపలేదు. కాని వ్యాసము వ్రాయుటకు, లెక్కల పట్టికను గీయుటకు, తెలుగు టైపు నేర్చుటకు, ప్రోగ్రాము వ్రాయుట అభ్యసించుటకు అది చాలును. మూతను విప్పుటకు భయపడని విద్యార్థికి అది పుస్తకము కూడ నగును. విద్యుత్తు ఏ దారిని పోవునో, జ్ఞాపకము ఎచ్చట నిలుచునో, వేడి యెట్లు వెలువడునో అందు కన్నులార చూడవచ్చును. బాగుపడదని తేలిన వస్తువును విడిచిపెట్టుట తప్పు కాదు. బాగుపడునో లేదో విచారింపకయే విడిచిపెట్టుట తప్పు. ఆ విచారణకు కావలసినది ఒక చిన్న స్క్రూడ్రైవరు, ఒక మల్టీమీటరు, ఒక కాగితము, కొంచెము ఓర్పు. ఇవి యున్న ఊరిలో ఒక బాలుని చదువు రూపాయి బిళ్లంత బ్యాటరీ కొరకు ఆగిపోదు.